పదకొండో ఫారం

ప్రెస్సులో బైండింగ్ చేసే అక్క, పదహారు పేజీలు అచ్చయి ఇంకా మడవని ఫారం కాగితం ఒకటి తెచ్చి నా ముందు పరిచింది. ఆమెకు చదువు రాదు.

"టీచరమ్మా, ఇందులో మీ తమ్ముడి సంగతి రాశారా?"

రాయలేదు. ఆ ప్రూఫులు దిద్దింది నేనే; తప్పులు దిద్దుతానని ఇక్కడ అందరూ నన్ను టీచరనే పిలుస్తారు. అది మాజీ గవర్నరు జీవితచరిత్ర. ఆయన కార్మిక నాయకుడిగా మా వీధి అరుగుల మీద టీ తాగిన రోజులు నాలుగో ఫారంలో ఉన్నాయి. గవర్నరు పదవి చివర్లో ఉంది. మధ్యలో, మంత్రిగా ఉండి మిల్లు గేటు దగ్గర కాల్పులు జరిపించిన ఏడాది, పదకొండో ఫారంలో వచ్చింది. పదహారు పేజీల్లో దాని గురించి ఒకటే వాక్యం.

చదివి వినిపించాను: "మిల్లు వివాదాన్ని ఆయన సామరస్యంగా పరిష్కరించారు."

ఆ గేటు దగ్గర చనిపోయిన నలుగురిలో నా తమ్ముడు ఒకడు. ఆ మాట ప్రూఫు అంచున రాశాను. ప్రెస్సు మేనేజరు కొట్టేశాడు. అచ్చు వెయ్యొచ్చని నేను సంతకం పెట్టాను.

చుట్టూ కాగితాలు మడిచే ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి.

"సామరస్యమట! మా ఆయన కాలు అడగండి, చెప్తుంది," అంది జిగురు పూసే ఆవిడ.

"ఈ ఫారం మనం మడవొద్దే," అంది అక్క.

"మనం మానేస్తే ఇంకొకళ్లు మడుస్తారు," అంది జిగురావిడ.

"మడవనీ. మన చేత్తో మాత్రం వద్దు."

మేనేజరు పరుగున వచ్చాడు. "సాయంత్రం పుస్తకావిష్కరణ సభ పెట్టుకుని ఏమిటీ వేషాలు? కూలి పెంచాలా?"

"కూలి కాదు బాబూ. నలుగురు పోయారని ఒక్క ముక్క వెయ్యండి. గంటలో కుట్టి ఇచ్చేస్తాం," అంది అక్క.

"చరిత్ర రాయడానికి మీరెవరే?"

"కుట్టేది మేమేగా!"

బైండింగు ఆడవాళ్లు ఏడుగురూ ఆ కాగితాల కట్టల మీద కూర్చున్నారు. పోలీసులు వచ్చి ఒక్కొక్కరినీ రెక్క పట్టి లేపారు. నన్నెవరూ ముట్టుకోలేదు.

"మీరు ఇంటికెళ్లండి టీచరుగారూ," అన్నాడు మేనేజరు, ఎంతో మర్యాదగా.

ఖాళీ అయిన చోట నేను కూర్చున్నాను.

"మీకెందుకండీ ఇదంతా?" అన్నాడు ఇన్స్పెక్టరు.

"సంతకం నాది," అన్నాను.

ఎనిమిదిమందిమీ వ్యాను ఎక్కాం. మెషిన్లు ఆపేసి ప్రెస్సు మగవాళ్లు గేటుకి అడ్డం నిలబడ్డారు. లాఠీలు వాళ్లను పక్కకు నెట్టాయి. ఆఫీసు గుమాస్తాలు వంకరటింకరగా మడిచిన పదకొండో ఫారంతోనే సాయంత్రానికి పుస్తకం సభకు చేరింది. ఆ వాక్యం అలాగే ఉంది.

ప్రెస్సు వాళ్లు వ్యాను వెనకే స్టేషను దాకా నడిచి వచ్చారు. దారిలో మిల్లు కార్మికులూ కలిశారు. తమనూ అరెస్టు చెయ్యమన్నారు.

"ఇంతమందిని ఎక్కడ పెట్టను? పొండి," అన్నాడు ఇన్స్పెక్టరు.

"లోపల జాగా లేకపోతే బయటే ఉంటాం లెండి," అంటూ వాళ్లు మెట్ల మీద కూర్చున్నారు.