ఐదో స్టారు

రత్నబాబు మామిడి తోటలో అడుగుపెట్టి పూత చూశాడంటే, ఆ ఏడు కాయ ఎన్ని టన్నులు దిగుతుందో చెప్పేసేవాడు. నూజివీడు చుట్టుపక్కల తోటలు పూత మీదే బేరమవుతాయి కాబట్టి వ్యాపారులు అతన్ని కారెక్కించుకుని మరీ తిప్పేవారు. ఒకసారి మాట అన్నాక గాలివాన వచ్చినా, తేనెమంచు పురుగు పట్టినా తిప్పుకునేవాడు కాదు. అంతవరకూ బాగానే ఉంది. ఆ పద్ధతే సినిమాలకీ పెట్టాడు, అక్కడే వచ్చింది తంటా.

ఏ సినిమా అయినా పది నిమిషాలే చూసేవాడు. "ఇది పూతండీ, కాపు దాకా కూర్చోవడం దేనికి?" అని లేచి వచ్చేసేవాడు. ఫోనులో తెలుగు మాటలతో వచ్చే సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళకీ అంతే, ఎపిసోడుకి పది నిమిషాలు. ఇరవై ఏళ్ళుగా ఒక్క క్లైమాక్సూ చూడని మహానుభావుడికి అన్ని సినిమాల మీదా అభిప్రాయాలున్నాయి.

"హీరో చేత్తో బుల్లెట్ ఆపాడా, ఒప్పుకుంటాను. వాడి ఓపిక వాడిది. జనవరిలో చెట్టెక్కి బంగినపల్లి పండు కోసుకు తిన్నాడా, చచ్చినా ఒప్పుకోను" అనేవాడు టీకొట్టు దగ్గర. "కాలంలో వెనక్కెళ్ళే మిషను చేతిలో ఉంది కదా, ఆ సైంటిస్టు వెళ్ళి ప్రపంచాన్ని కాపాడటం ఏంటండీ? వడగళ్ళ ముందు రోజుకెళ్ళి కాయ కోయించుకోవద్దూ? ఇంకో సీరియల్లో రాకెట్టెక్కి ఏడు ఎపిసోడ్లు తిరిగారు, ఒక్కడూ అన్నం తినలేదు. అందుకే అందరూ అంత చిరాగ్గా ఉన్నారు."

జనం పడీ పడీ నవ్వేవారు. ఇంటికొచ్చి అదంతా మళ్ళీ భార్య శకుంతలకి చెప్పేవాడు. ఆవిడ ఊఁ కొడుతూ వినేది. నీకెలా ఉందని మాత్రం ఆవిణ్ణి ఒక్కనాడూ అడగలేదు. శకుంతలది నారాయణరావు గారి మామిడి తోటలో పని. కాయలకి కాగితం కవర్లు కట్టేటప్పుడూ, కోతప్పుడూ ఆడకూలీలందరికీ ఆవిడే పెద్ద.

నారాయణరావు గారి మనవరాలు సింధు బెజవాడలో ఇంజినీరింగు చదువుతోంది. స్నేహితులతో కలిసి ఆ తోటలోనే ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా తీసింది. రోదసి ఓడ పాడై ఒక కుర్రాడు తెలియని గ్రహం మీద దిగుతాడు, అక్కడొక రాణి ఉంటుంది. నలభై నిమిషాలు. తీసిన నాలుగు రోజులూ రత్నబాబు ఊళ్ళో లేడు, చింతలపూడి వైపు తోటలు చూడ్డానికి వెళ్ళాడు.

మే నెల మొదట్లో సింధు రత్నబాబు ఇంటికొచ్చింది. "రత్నబాబు గారూ, రేపు సాయంత్రం మా ప్యాకింగ్ షెడ్డులో సినిమా వేస్తున్నాం. మైకులో మీ రివ్యూ చెప్పాలండీ. ఐదుకెన్ని స్టార్లో మీరే ఇవ్వాలి."

మైకు! ఇన్నేళ్ళ అభిప్రాయాలకి మొదటిసారి దక్కిన మైకు అది. రత్నబాబు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇస్త్రీ చొక్కా తీశాడు, మీసానికి రంగేశాడు. అద్దం ముందు గొంతు సవరించుకుంటుంటే శకుంతల గుమ్మంలోంచి అంది: "ఈ ఒక్కటీ ఆఖరి దాకా చూడండి."

"నా పద్ధతి నీకు తెలీదా?"

"తెలుసు. అందుకే చెప్తున్నాను."

అతనికి వినిపించలేదు. చెవి నిండా మైకే ఉంది.

షెడ్డులో కాయల ట్రేలు పక్కకి నెట్టి తెల్లదుప్పటి కట్టారు. తోటలో ఆడవాళ్ళందరూ ముందే వచ్చి కూర్చున్నారు. శకుంతల మూడో వరసలో ఉంది. బొమ్మ మొదలైంది. ఓడ కూలింది, కుర్రాడు లేచాడు, చెట్ల మధ్యలోంచి రాణి వచ్చింది. మొహానికి కవరు, ఒంటి నిండా కవర్లు, నెత్తి మీద కిరీటంలా ఇంకో నాలుగు కవర్లు. సరిగ్గా పది నిమిషాలు కాగానే రత్నబాబు లేచి నిలబడ్డాడు.

"ఆపండమ్మా" అని మైకు అందుకున్నాడు. "పూత చూశాను, చాలు. అయ్యా, ఇవి మామిడికాయల కవర్లు. ఇంకో గ్రహంలో కూడా మన షాపులోనే కొన్నారా? పోనీ అనుకుందాం. ఆ రాణి నడకేంటండీ? బురదలో గేదె నడిచినట్టు! మొహం కనిపించదు, మాట పెగలదు. ఈవిడ రాణి అయితే ఆ గ్రహానికి దిక్కెవరు?"

ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. తన చమత్కారానికే అనుకుని రత్నబాబు ఇంకా రెచ్చిపోయాడు. "ఒక్క స్టారు! అదీ కవర్లు చిరగనందుకు. సింధమ్మా, మళ్ళీ వెయ్యి, ఒక్కో తప్పూ వేలు పెట్టి చూపిస్తాను."

బొమ్మ కదిలింది. రాణి గెడకి కట్టిన చిక్కం పట్టి ఒక కాయ దించింది. తొడిమ విరిచింది, కాయని తలకిందులు చేసింది, సొన నేల మీదకి కారనిచ్చింది.

"చూశారా! ఏ గ్రహంలో అయినా రాణులు సొన..." అంటూ వేలెత్తాడు.

అప్పుడు రాణి తొడిమ దగ్గర "ఉఫ్" అని ఊదింది. మొహం మీది కవరు పూరీలా పొంగింది.

రత్నబాబు వేలు గాల్లోనే ఉండిపోయింది. కొత్తగా పెళ్ళైన రోజుల్లో సొన పడి శకుంతల మణికట్టు కాలింది. అప్పట్నుంచీ ఏ కాయకైనా తొడిమ విరవగానే ఉఫ్‌మని ఊదడం ఆవిడకి అలవాటు. ఈ ఊళ్ళో ఇంకెవరూ అలా ఊదరు. ఏ గ్రహంలోనూ ఊదరు.

మైకులోంచి "అమ్మో" అని షెడ్డంతా వినిపించింది. మాట తిప్పుకుంటే పరువు పోతుంది, తిప్పుకోకపోతే ఇంటికి వెళ్ళే దారే పోతుంది. మెల్లిగా మూడో వరస వైపు చూశాడు. శకుంతల కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. ఆవిడ తలవంచుకుని కొంగు అంచు మడతపెడుతోంది. ఆ క్షణంలో రత్నబాబుకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"సింధమ్మా, నేను తొందరపడ్డాను. పూత చూసి చెప్పడానికి ఇది తోట కాదు. మొత్తం చూసి చెప్తాను" అని మైకు పెట్టేసి, వెళ్ళి భార్య పక్కన కూర్చున్నాడు.

మిగతా ముప్పై నిమిషాలూ చూశాడు. ఓడ బాగయింది. కుర్రాడు రమ్మన్నాడు. రాణి తల అడ్డంగా ఊపి, దారిలో తినమని కాయల ట్రే ఓడలో పెట్టింది. ఓడ ఎగిరిపోయాక ఒక్కతే చెట్ల మధ్య నిలబడింది. రత్నబాబు ఇస్త్రీ చొక్కాతోనే కళ్ళు తుడుచుకున్నాడు. మీసం రంగు చెంపలకి అంటింది.

"ఎన్ని స్టార్లండీ?" అంది సింధు.

"నాలుగు."

చప్పట్లు కొట్టారు. శకుంతల మాత్రం కొట్టలేదు. "ఆ ఒక్కటీ ఏమైంది?"

రత్నబాబు అబద్ధం ఆడదామని చూశాడు. నోరు రాలేదు. "నడక..." అన్నాడు.

ఇంటికి వెళ్తూ ఆవిడ ముందు నడిచింది, గుర్తుగా ఉంచుకోమని సింధు ఇచ్చిన కవర్ల కిరీటం చేత్తో పట్టుకుని అతను వెనక నడిచాడు. తల నిటారుగా పెట్టి, అటూ ఇటూ చూడకుండా వెళ్తోంది. ఊళ్ళోకొచ్చాక అతను ఉండబట్టలేక అన్నాడు: "ఇదే నడక తెర మీద నడిచుంటే ఐదూ ఇచ్చేవాణ్ణి."

శకుంతల వెనక్కి తిరగలేదు. "మొహానికి కవరు కట్టాక అడుగు ఎక్కడ పడుతుందో కనిపిస్తుందా? కళ్ళ దగ్గర చిల్లులు పెడతామంటే కాయలకి పనికిరావని నేనే వద్దన్నాను. నాలుగు రోజులూ గుడ్డిగానే నడిచాను. నన్నడిగితే చెప్పేదాన్ని కదా."

రత్నబాబు రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. చేతిలో కిరీటం నెత్తిన పెట్టుకుని, టీకొట్టు వాళ్ళందరికీ వినపడేలా అరిచాడు: "ఐదు!"

తర్వాత పరుగున ఆవిణ్ణి కలుసుకుని, పెళ్ళయ్యాక మొదటిసారి అడిగాడు: "నీకెలా ఉంది సినిమా?"

"బాగానే ఉంది" అంది శకుంతల. "మధ్యలో ఎవరో లేచి వాగారు, అదొక్కటే తీసెయ్యాలి."