రెండు పేస్టులు, ఒక దవడ

"ఆ విషాన్ని పిల్ల నోట్లో పెట్టకు రాజ్యం," అన్నారు అత్తయ్యగారు, నేను బ్రష్ మీద పేస్టు వేస్తుండగా. ఆవిడ చూపు ట్యూబు మీదే ఉంది, నా ఎడమ చేతిలో గింజుకుంటున్న నాలుగేళ్ళ దుర్గ మీద లేదు. దాని దవడ పట్టుకోవాలి, పెదవి పక్కకి లాగాలి, అది కరిచేలోపే వెనక పళ్ళు తోమాలి, ఉమ్మించాలి, గౌను తడిస్తే మార్చాలి, ఈలోపు పాలు పొంగకుండా చూసుకోవాలి. ఈ పనికి మా ఇంట్లో ఎవరూ పోటీకి రారు. ఏ పేస్టో చెప్పడానికి మాత్రం అందరూ వస్తారు.

వాష్‌బేసిన్ మీద రెండు ట్యూబులుంటాయి. ఒకటి ఫ్లోరైడ్ ఉన్నది, దుర్గ బడిలో పళ్ళ క్యాంపు పెట్టినప్పుడు డాక్టరు చెబితే నేను తెచ్చింది. రెండోది మావారు వేణుగోపాల్ తెచ్చిన ఖనిజాల పేస్టు. వన్ టౌన్‌లో మాది చీరల హోల్‌సేల్ కొట్టు. సరుకు కోసం వచ్చిన ఎవరో దాని గొప్ప చెప్పి, ఫోనులో ఒక గడ్డపాయన వీడియో చూపించారట. తెల్ల మట్టి, కాల్షియం పొడి, సైంధవ లవణం, లవంగ నూనె. ఫ్లోరైడ్ లేదని అట్ట మీద ఆకుపచ్చ అక్షరాలు. "నీ ట్యూబు మీద ఏం రాశాడో చదువు. మింగరాదు అని ఉంది. మింగకూడనిది నోట్లో ఎందుకు?" అన్నారాయన. బడిలో డాక్టరు చెప్పారండీ అన్నాను. "డాక్టర్లకి కంపెనీలు చెప్తాయి. నీకేం తెలుసు, ఇంటర్ కూడా గట్టెక్కలేదు." ఇంటర్ రెండో ఏడాది మధ్యలో పెళ్ళి ముహూర్తం పెట్టింది నేను కాదు. నాకు చదువు లేదు కాబట్టి నా మాట చెల్లదు, డాక్టరుకి చదువుంది కాబట్టి ఆ మాట అమ్ముడుపోయింది, ఫోనులో ఆ గడ్డపాయన చెప్పింది మాత్రం వేదం. ఇంతా చేసి, తను తెచ్చిన పేస్టుని ఆయన ఒక్క పూటే వాడారు. నురగ రాలేదట, నోరంతా మట్టిమట్టిగా ఉందట. మళ్ళీ తన పాత పేస్టే. అందులోనూ ఫ్లోరైడ్ ఉందని అట్ట చూపిస్తే, "నేను పెద్దవాణ్ణి కదా," అన్నారు.

అత్తయ్యగారి భయం వేరు. ఆవిడ చెల్లెల్ని కనిగిరి వైపు ఇచ్చారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న అక్కడి బోరు నీళ్ళు తాగి తాగి ఆ పెద్దావిడ పళ్ళు గోధుమరంగుకి తిరిగాయి, కాళ్ళు వంగిపోయాయి. ఆ భయాన్ని నేను కాదనలేను. నేనూ భయస్థురాలినే, పాప తుమ్మితే ఫోనులో వెతికే రకం. ఒకసారి దుర్గ తియ్యగా ఉందని పేస్టు మింగితే, అది నిద్రపోతుండగా మోకాళ్ళు తడిమి చూశాను. ఆ భయంతోనే నా ట్యూబు పక్కన పెట్టి, వేసవి నుంచీ మట్టి పేస్టుతోనే తోమాను. దసరా సెలవులకి కుడివైపు కింది పన్ను నల్లబడింది. చల్లనిది తగిలితే ఏడుపు. అప్పుడు ఏ పేస్టని ఎవరూ అడగలేదు. "తల్లి పట్టించుకోకపోతే ఇంతే," అన్నారు మావారు. "రోజంతా ఇంట్లోనే ఉంటావుగా, ఏం చేస్తుంటావ్?"

పళ్ళ డాక్టరు దగ్గరికి అత్తయ్యగారూ నేనూ తీసుకెళ్ళాం. కొట్టు వదిలి రావడం ఆయనకి కుదరలేదు. డాక్టరు క్రిస్టినా గారికి నా ఈడే ఉంటుంది. సంచిలోంచి రెండు ట్యూబులూ తీసి బల్ల మీద పెట్టాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"నీళ్ళ సంగతి వేరమ్మా," అన్నారు అత్తయ్యగారితో. "అది ఏళ్ళ తరబడి కడుపులోకి పోతుంది. ఇది బఠాణీ గింజంత వేసి, తోమి, ఉమ్మించేస్తాం. మింగకుండా పెద్దవాళ్ళు పక్కనుండాలి, అంతే."

"మరి ఈ ఖనిజాలదండీ?" అన్నాను.

"పాచి పోతుంది. కాల్షియం పొడి రుద్దినంత మాత్రాన పన్ను గట్టిపడదు. పన్ను దేంతో తయారైందో ఆ ఖనిజాన్నే సన్నగా చేసి కలిపే పేస్టులు వేరే ఉన్నాయి. వాటి ఫలితాలు బాగానే ఉన్నాయంటున్నారు గానీ, ఫ్లోరైడ్ మీద జరిగినంత పరిశోధన ఇంకా జరగలేదు. మీరు తెచ్చింది అది కూడా కాదు. పుచ్చు మొదలైన పిల్లకి నేనైతే ఫ్లోరైడే చెప్తాను." చిన్న అద్దం మళ్ళీ దుర్గ నోట్లో పెట్టి చూశారు. "పక్క పన్నుకీ మచ్చ పడింది. ఎడమవైపు అంతా బాగుంది. ఈ ఒక్క వైపే ఎందుకు పోతోంది? బుగ్గలో ఏమైనా పెట్టుకుని చప్పరిస్తుందా?"

"అబ్బే, ఏం లేదమ్మా," అన్నారు అత్తయ్యగారు, గోడ మీది పళ్ళ బొమ్మ చూస్తూ.

రోజూ పొద్దున పూజకి కూర్చుంటూ ఆవిడ దుర్గని ఒళ్ళో పెట్టుకుని, కుడి బుగ్గలో పటికబెల్లం ముక్క దోపుతారు. అష్టోత్తరం అయ్యేదాకా పిల్ల కదలదు. కరిగితే ఇంకో ముక్క. చౌడేశ్వరీదేవి ముందు పెట్టిన నైవేద్యం, వద్దని ఎలా అనను? అదొక్కటే కాదు, ఆ కాసేపట్లోనే నేను టిఫిను చేసి, క్యారేజీలు కట్టి, గిన్నెలు తోముకుంటాను. ఆ బెల్లం ముక్క మీదే మా ఇంటి పొద్దున నడుస్తోంది. ఇప్పుడు నోరు విప్పితే దేవుడూ పోతాడు, అత్తగారూ పోతారు, నా చేతిలో ఉన్న ఆ కాస్త సమయమూ పోతుంది. విప్పకపోతే పక్క పన్ను పోతుంది.

"పటికబెల్లం పెడతారండీ," అన్నాను. "రోజూ, పూజ అయ్యేదాకా."

ఇంటికి ఆటోలో బయల్దేరాం. మా వీధి మలుపులో, చీరల మూటల తోపుడుబండి అడ్డొచ్చి ఆటో ఆగినప్పుడు అత్తయ్యగారు అన్నారు. "బయటి మనిషి ముందు నా పరువు తీశావు. అమ్మవారి ప్రసాదానికి వంక పెట్టావు. ఇక నీ కూతుర్ని నా పూజలో కూర్చోబెట్టకు."

"సరేనండీ," అన్నాను.

మర్నాడు పూజ గంట మోగేసరికి దుర్గ నా నైటీ పట్టుకుని పొయ్యి దగ్గర వేలాడుతోంది. "దాన్ని కాస్త అవతలికి తీసుకెళ్ళు, ఫోన్లో మాట వినబడట్లేదు," అన్నారు మావారు హాల్లోంచి. మూకుట్లో రవ్వ సగం వేగింది. స్టవ్ కట్టేశాను. దుర్గని తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో కూర్చోబెట్టి, ఫ్లోరైడ్ ట్యూబూ బ్రష్షూ ఆయన చేతిలో పెట్టాను.

"పూజ అయ్యేదాకా పాప మీ దగ్గరుంటుంది. ఇవాళొక్కటే కాదు, రోజూ. బఠాణీ గింజంతే వెయ్యండి, మింగనివ్వకండి."

"మరి టిఫినో?"

"దాని పళ్ళు తోమాక."

ఆయన ట్యూబు అటూ ఇటూ తిప్పి, బ్రష్ మీద పేస్టు వేసి దాని నోటి దగ్గరికి తెచ్చారు. దుర్గ పళ్ళు బిగించి తల తిప్పేసుకుంది. పేస్టు కాస్తా ఆయన ఇస్త్రీ చొక్కా మీద పడింది.

"రాజ్యం, ఇది నోరు తెరవట్లేదు. ఎలా తోమాలి?"

దుర్గకి పళ్ళు వచ్చిన దగ్గర్నుంచీ ఆయన నన్ను ఇలా అడగడం అదే మొదలు. నేను కాఫీ కలుపుకుని, మెట్ల మీద కూర్చుని, వేడిగా ఉండగానే తాగాను.