మన అభ్యర్థి

ఎన్నికల ముందు భాస్కరరావు మాస్టారు అన్నమ్మ ఇంటికొచ్చారు. దివిసీమలోని ఆ పేటలో ఎర్రజెండా నిలబెట్టింది ఆయనే. అన్నమ్మ భర్త ఏసుపాదం ఆయన వెంట తిరిగినవాడు. లంక భూములు కూలీలకే దక్కాలని జెండా పాతిన రోజున పెద్దకామందు మనుషులు ఏసుపాదాన్ని కర్రలతో కొట్టి చంపారు. ఆ శవాన్ని భుజాన మోసినవాళ్లలో మాస్టారు ముందున్నారు.

కుర్చీ వేసినా ఆయన అరుగు మీదే కూర్చున్నారు. ఎండల గురించీ, నీళ్లు రాని కాలువ గురించీ చాలాసేపు మాట్లాడారు.

"పొత్తు కుదిరిందమ్మా. ఈ సీటు వాళ్లకిచ్చాం. చక్రధర్ నిలబడుతున్నాడు," అన్నారు చివరికి.

"ఏ చక్రధరండీ?"

మాస్టారు తల దించుకున్నారు. పెద్దకామందు కొడుకేనని అన్నమ్మకు అర్థమైంది.

"ఆళ్ల పార్టీ మనల్ని దేశద్రోహులంటదిగా మాస్టారూ. ఆళ్ల మీద మా చేత పాటలు పాడించింది మీరేగా."

"ఇప్పుడు ఎదుటివాళ్లు అంతకన్నా ప్రమాదమని పైవాళ్లు తేల్చారు."

"మీరూ తేల్చారా?"

"నేను పార్టీ మనిషినమ్మా. బందరు సభలో అమరవీరుడి భార్యగా నువ్వు వేదిక మీదుండాలట. అతనికి దండ నీ చేతే వేయించాలంటున్నారు."

భర్తను మోసిన మనిషి అడిగితే కాదనలేక అన్నమ్మ వెళ్లింది.

వేదిక మీద ఆమె మెడలో రెండు పార్టీల కండువాలూ వేశారు. చక్రధర్ వంగి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆమె దండ వేసింది. జనం ఈలలు వేశారు.

"ఏ ఊరమ్మా మీది?" అతను ఆప్యాయంగా అడిగాడు.

అన్నమ్మ చెప్పింది.

"అరె, మా ఊరే! మా నాన్నగారి దగ్గర పనిచేశారా?"

"మా ఆయన చేశాడు బాబూ."

"చాలా సంతోషమమ్మా," అంటూ అతను పక్కవాళ్ల వైపు తిరిగాడు.

తిరుగు దారిలో ఆటో మోపిదేవి దాటాక ఆమె మాస్టారి వైపు తిరిగింది.

"ఆ అబ్బాయికి తెలీదు మాస్టారూ. నేనెవరో ఆళ్లూ చెప్పలేదు, మనోళ్లూ చెప్పలేదు. తెలిసి నవ్వినా బాగుండేది. కోపమన్నా మిగిలేది నాకు."

మాస్టారు కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు.

పోలింగు రోజున బడిలో అన్నమ్మ మెషీను ముందు నిలబడి పైనుంచి కిందిదాకా వెతికింది.

"నొక్కండమ్మా, వెనక జనం ఉన్నారు," అన్నాడు అధికారి.

"మా గుర్తు లేదు బాబూ."

"ఉన్నవాటిలో ఏదో ఒకటి నొక్కండి."

ఏదీ నొక్కనని చెప్పి ఆమె బయటికొచ్చేసింది.

ఎండలో మాస్టారు ఎదురుచూస్తున్నారు. "వేశావా చెల్లెమ్మా?"

"లేదండీ. మీరు?"

"వేశాను," అన్నారాయన. ఆ మాటతోపాటే ఏడుపొచ్చేసింది. పెళ్లిళ్లలోనూ చావుల్లోనూ కంటతడి పెట్టని మనిషి, పదిమందీ చూస్తుండగా బడి గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చారు. అన్నమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

చక్రధర్ గెలిచాడు. ఊరేగింపు డప్పులతో, రెండు రంగుల జెండాలతో పేటలోకి వచ్చింది. ఎవరో కుర్రాళ్లు ఏసుపాదం పేరు ఎత్తుకుని జోహార్లు అరిచారు. ఆ కేక వినగానే అన్నమ్మ లేచి తలుపు దగ్గరికి వేసింది. ఊరేగింపుకి వెళ్లకుండా ఆమె ఇంటికొచ్చిన మాస్టారు లోపల మంచం మీద కూర్చుని ఉన్నారు. ఊరేగింపువాళ్లొచ్చి పిలిచినా ఆయన బయటికి రాలేదు.