రాళ్ళేరే పని

చేటలో బియ్యం ఓసారి ఎగరేసి, కళ్ళలో పడ్డ తవుడు కొంగుతో తుడుచుకుని, రాహేలు మామ్మ విసుక్కుంది.

"ఇది బియ్యమా, గోదారి ఇసకా?"

ఫరంపేట దవాఖానా వెనక వసారాలో ఇరవై రెండేళ్ళుగా ఆమె రోజు ఇలాగే నడుస్తోంది. తెల్లారేసరికి కనకాలపేటనించి నడిచి రావాలి. గదులు తుడవాలి, సీసాలు వేణ్ణీళ్ళలో కడగాలి, మంచం పట్టిన రోగుల జావకి బియ్యం ఏరాలి. పొట్టి మనిషి. ముందుపళ్ళ మధ్య సందు. మోకాళ్ళు చెరో పక్కకీ వంగిపోయి, నడుస్తుంటే పడవ ఊగినట్టు ఊగేది. నేల కడిగే మందుకి వేళ్ళ చివర్లు ఎప్పుడూ తెల్లగా ఒరుసుకుపోయి ఉండేవి. ఇవాళ పొద్దుటినించీ ఎడమచెయ్యి లాగుతోంది. ఓసారి డాక్టరుగారికి చూపించుకోమంది నర్సు ఫిలోమినా.

"బకెట్లు మోసిన చెయ్యి లాగదేటే? నీ పని చూసుకో" అని కసిరింది మామ్మ.

ఆ దవాఖానాకి కాలేజీ పిల్లలు కూడా వచ్చేవారు. కాకినాడలో చదివేవాళ్ళు, చెన్నపట్నంనించి సెలవులకి వచ్చినవాళ్ళు. తలనొప్పి అనేవారు, గుండెదడ అనేవారు, అన్నం సయించడం లేదనేవారు. డాక్టరుగారు నాలిక చూసి, గుండె విని, నరాల బలహీనత అని ఎర్రమందు రాసేవారు. రోజుకొక్క మోతాదు. అదీ ఇక్కడికే వచ్చి తాగాలి, సీసా ఇంటికివ్వరు. ఆ ఏర్పాటు మామ్మదే. ఇంటికిస్తే సీసాలు తిరిగి రావని డాక్టరుగారికి చెప్పింది గానీ, అసలు సంగతి ఆయనకీ తెలుసు. మందు తాగిన పిల్లల్ని వసారాలో కూర్చోబెట్టి, చేట ముందుకి తోసేది.

"చేతులు ఖాళీగా ఉంటే మీకు నోరు పెగల్దు. ఏరండి."

తలొంచుకుని రాళ్ళేరుతుంటే ఎవరూ ఎవరి మొహం చూడక్కర్లేదు. మూడోనాటికో నాలుగోనాటికో ఏదో ఒకటి బయటికి జారేది. జారగానే మామ్మ చివాట్లు పెట్టేది. పెట్టి, సాయంత్రం ఇంటికి పోతూ పోతూ ఆ పిల్ల తల్లినో, ఆ పిల్లాడి మేనమామనో వీధిలోనే నిలేసి ఇంకో నాలుగు పెట్టేది.

ఇవాళ ముందు సరోజిని వచ్చింది.

"పుస్తకం తెరిస్తే అక్షరాలు ఈదుతున్నాయి మామ్మా."

"రాత్రి అన్నం తిన్నావా?"

"లేదు."

"తిండిలేని తలకాయలో అక్షరాలు ఈదక వంట చేస్తాయేటే! ఇంద, జావ తాగు. తాగి ఇంటికి పో. ఇవాళ పుస్తకం ముట్టుకున్నావని తెలిసిందో, మీ అమ్మకి చెప్పి అటకెక్కించేస్తాను."

"పుస్తకాన్నా, నన్నా?"

"ఇద్దర్నీ!"

సరోజిని నవ్వుకుంటూ వెళ్ళింది. ఆ పిల్లతో బెంగ లేదు. బెంగంతా వసారా మూల కూర్చున్న సత్యానందంతోనే.

మెట్టకూరు ప్రకాశరావు మాస్టారి ఒక్కగానొక్క కొడుకు. సెలవులైపోయాక కూడా పట్నం వెళ్ళకుండా, పదకొండు రోజులుగా వచ్చి ఎర్రమందు తాగుతున్నాడు, రాళ్ళేరుతున్నాడు. ఒక్క రాయి వదలడు. ఒక్క మాట మాట్లాడడు. మామ్మ తిట్టింది, బతిమాలింది, ప్రార్థన కూడా చేసింది. మూడేళ్ళ కిందట ఇన్నయ్యగారి లూయిస్ ఇలాగే పదిరోజులు ఏరి, నోరు విప్పకుండానే రైలెక్కాడు. ఆ రైలు పట్నం చేరింది. లూయిస్ చేరలేదు. అప్పటినించీ నోరు మెదపని పిల్లల్ని చూస్తే మామ్మకి ఒళ్ళు మండిపోయేది. వాళ్ళమీదా, తనమీదా కూడా.

మధ్యాహ్నం మామ్మ ముందు గదులు తుడుస్తుంటే మాస్టారు గొడుగు చంకన పెట్టుకుని అక్కడికి వచ్చారు.

"రాహేలూ, వీడికి మందు ఇక చాలు. రేపు పొద్దున్న బస్సుకి పంపించేస్తున్నా. పెట్టె కూడా సర్దించేశాను."

"తగ్గిందేటండీ బాబుకి?"

"రోగముంటే కదా తగ్గడానికి! ఫ్రెంచివాళ్ళ బాకలోరియా పరీక్షలో పుదుచ్చేరి మొత్తానికి రెండోవాడు. వీడికేం రోగం? బద్ధకం."

మామ్మ చీపురు కిందపడేసింది. "మాస్టారండీ, ముప్పయ్యేళ్ళు పిల్లలచేత పాఠాలు అప్పజెప్పించుకున్నారు. సొంత పిల్లాణ్ణి ఒక్కపూట వినలేరా? వెళ్ళి వసారా తడిక అవతల బెంచీమీద, బాబుకి కనపడకుండా కూర్చోండి. దగ్గొచ్చినా దగ్గకండి."

అంతవరకు ఆయనతో ఎవరూ అలా మాట్లాడలేదు. మొహం ఎర్రబడింది. అయినా వెళ్ళి కూర్చున్నారు.

మామ్మ చద్దన్నం గిన్నె, ఓ ఉల్లిపాయ తెచ్చుకుని సత్యానందం పక్కనే గోడకి చేరగిలబడింది. చెయ్యి లాగడం భుజందాటి దవడదాకా పాకింది.

"నాకు విసుగొచ్చేసింది బాబూ. నీ ధర్మాన పదకొండు రోజులుగా జావలో ఒక్క రాయి తగల్లేదు, సంతోషం. నేనింక అడగను. నన్ను అన్నం తిననీ."

తలొంచుకుని రాళ్ళేరుతూ, ఆమె తిట్లు మళ్ళీ మొదలవుతాయని చూశాడు సత్యానందం. మొదలవలేదు. చేటలో వేలు పెట్టి ఒక నల్లరాయి పక్కకి తోశాడు.

"హాజరు పిలిచినప్పుడు అలవాటుకొద్దీ ఫ్రెంచిలో 'ప్రెజాఁ' అన్నాను మామ్మా. క్లాసంతా నవ్వింది."

చివాట్లు పడలేదు.

"లెక్కలు నాకొచ్చు. బోర్డుమీద చూస్తే వచ్చు. వాళ్ళు చెప్పే ఇంగ్లీషే తెలీదు. ఇక్కడ ఫ్రెంచి జెండా దింపి ఏడాదిన్నరేగా అయింది, నేనెప్పుడు నేర్చుకున్నాను? దసరానించి క్లాసుకి పోలేదు. రోజూ పుస్తకాలు పట్టుకుని సముద్రం ఒడ్డుకి పోయేవాణ్ణి. నాన్నకి మాత్రం బాగా చదువుతున్నానని రాసేవాణ్ణి."

మరో రాయి. మరొకటి.

"రైలు గోదారి వంతెనమీదికి వచ్చేసరికి లేచి తలుపు దగ్గర నుంచుంటాను మామ్మా. వచ్చేటప్పుడు కూడా నుంచున్నాను. రేపు నుంచోడానికి భయంగా ఉంది."

తడిక కిర్రుమంది. మాస్టారు వచ్చి కొడుకు ఎదురుగా గచ్చుమీద కూలబడ్డారు. గొడుగు ఎక్కడ వదిలేశారో తెలీదు. చెయ్యి చాపి చేటలో బియ్యం కాసేపు అటూ ఇటూ కెలికారు. ఏది రాయో ఏది గింజో ఆయనకి కనపడలేదు.

"ఇంటికి పోదాం పదరా. పెట్టె విప్పేద్దాం."

సత్యానందం చేటమీద తలపెట్టి ఏడ్చాడు. కాసేపటికి మొహం తుడుచుకుని మామ్మవైపు తిరిగాడు.

"నాన్న తడిక వెనకున్నారని నీకు తెలుసు కదూ?"

మామ్మ కళ్ళు మూసుకునే ఉంది. తల కొంచెం అతనివైపే ఒరిగి ఉంది, వింటున్నట్టు.

జావకి బియ్యం తీసుకెళ్ళడానికి ఫిలోమినా వచ్చింది. "మామ్మా, ఎసరు మరుగుతోంది" అంటూ వంగి, ఆమె మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వెతికింది, నాడి అందలేదు.

సాయంత్రం కనకాలపేటనించి మనుషులు వచ్చి ఆమెను మంచంమీద తీసుకెళ్ళారు. మంచం ముందుకాళ్ళు రెండూ మాస్టారూ, సత్యానందం పట్టారు. గోడవార గిన్నెలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. పక్కన గచ్చుమీద పచ్చి ఉల్లిపాయ ఒకటి, ఒక్క పక్క కొరికి, ముందుపళ్ళ మధ్య సందుతో సహా అచ్చుపడి.