ముప్పై ప్రశ్నలూ, ఒక జత చెప్పులూ

నేను ఒక ప్రశ్నాపత్రాన్ని. నన్ను పూర్తిచేసిన ఉదయం వలస గూడెం అంగన్‌వాడీలో హాజరైనవారు, ఆసనాల హోదా ప్రకారం: కుర్చీలో మనస్తత్వశాస్త్ర ఆచార్యులు నిష్ఠల సుదర్శనం గారు, స్టూలుపై అంగన్‌వాడీ టీచరు ఇర్పా సమ్మక్క, నేలపై తొమ్మిదేళ్ల మడకం జోగి. రాష్ట్ర సరిహద్దుకు అవతల సాగిన పోరులో జోగి ఊరు కాలిపోయింది. అధ్యయనం ఆ పిల్లను గురించే కనుక, ఆమెకు చివరి స్థానం దక్కింది.

నేను పుట్టింది మంచు కురిసే దేశంలో. నన్ను తెనిగించినది ఏడుగురు సభ్యుల సంఘం. వారు 'బెంగ' అన్న మాట శాస్త్రీయంగా లేదని కొట్టివేసి, 'వియోగజనిత ఆందోళన' అని చేర్చి, టీ తాగి లేచారు. పిల్లల మనసులోని భయాన్ని కొలిచేందుకు నాలో ముప్పై ప్రశ్నలు. పన్నెండు మార్కులు దాటిన పిల్లలకే వైద్యసహాయం; తగినంత బాధ లేనివారు అనర్హులు.

"పెద్ద శబ్దం వింటే ఉలిక్కిపడతావా?" అని ఆచార్యులు అడిగారు. సమ్మక్క ఆ మాట కోయలో చెప్పింది. జోగి తల అడ్డంగా ఊపింది. అడవిలో దాక్కున్నప్పుడు ఉలిక్కిపడినవారు దొరికిపోయారు; ఆ పిల్ల కదలకుండా ఉండడం నేర్చుకుంది. నా లెక్కలో ఆ విద్యకు సున్నా. మొత్తం రెండు మార్కులు వచ్చాయి.

"పిల్ల ఆరోగ్యంగా ఉంది," అని ఆచార్యులు సంతోషించారు.

"ఏం ఆరోగ్యం సార్? చెప్పులేసుకునే పడుకుంటది. విప్పబోతే కరుస్తది," అంది సమ్మక్క.

"చెప్పుల ప్రశ్న ఇందులో లేదమ్మా."

"ప్రశ్న లేకపోతే ఆ పిల్లకు భయం లేనట్టేనా? కాగితానికి కళ్లు లెవ్వు, మీకున్నయ్ గదా సార్."

అంతటితో ఆగక, ఆమె కలం తీసుకుని నా అంచున రాసింది: 'ఈ పిల్ల ఏడాదిగా చెప్పులతోనే నిద్రపోతోంది. ఎప్పుడు పరుగెత్తాల్సి వస్తుందోనని.' అంచున రాత నిషిద్ధం. ఆచార్యులు నాపై అడ్డగీత గీసి చెత్తబుట్టలో వేశారు. గూడెం పిల్లల మనోధైర్యాన్ని ప్రశంసించిన వారి నివేదికకు తరువాత శాలువా కప్పారట.

సమ్మక్క నన్ను బుట్టలోంచి తీసి, మడతలు సాపుచేసి, రెండు బస్సులు మారి ఆస్పత్రి డాక్టరమ్మ ముందు పెట్టింది. ఆ డాక్టరమ్మ మార్కులు వదిలి అంచు చదివింది. ఆపైన ప్రతి గురువారం గూడేనికి వచ్చింది. ఏడో గురువారం జోగి చెప్పులు విప్పి, చేతికందే దూరంలో పెట్టుకుని కూర్చుంది.

ప్రస్తుతం నా నివాసం అంగన్‌వాడీ రేకుపెట్టె, పాలపొడి పొట్లాల అడుగున. చెల్లని కాగితానికి ఎవరినీ అభినందించే అధికారం లేదని ఎరుగుదును. అయినప్పటికీ, అనుమతి లేకుండా నా ఖాళీ అంచున రెండు వాక్యాలు రాసినందుకు శ్రీమతి ఇర్పా సమ్మక్కకు నా కృతజ్ఞతను ఇందుమూలంగా నమోదు చేస్తున్నాను.