చీటీ కింది పేరు

కరెంటు కంపెనీ పేరు మారినప్పుడల్లా మా ప్రెస్సుకి పండగ. పాత పేరుతో ఉన్న లెటర్‌హెడ్లు, రసీదు పుస్తకాలు, కవర్లు అన్నీ ఒక్క పూటలో చిత్తుకాగితాలైపోతాయి. కొత్త పేరుతో మళ్ళీ మొదలు. మొట్టమొదట అది తెనాలి బియ్యం మిల్లుల వాళ్ళు కొందరు చేరి పెట్టుకున్న లిమిటెడ్ కంపెనీ. తర్వాత ప్రభుత్వం తీసుకుని బోర్డు అంది. ఆ తర్వాత బోర్డుని ముక్కలు చేసి కరెంటు తయారు చేసేది ఒకటి, మోసుకొచ్చేది ఒకటి, ఇళ్ళకి పంచేది ఒకటి అన్నారు. మాకు పంచేదాని పేరు ఇప్పుడు తీరాంధ్ర విద్యుత్ సంస్థ. ఎన్ని పేర్లు పెట్టినా జనం మాత్రం కరెంటాఫీసనే అంటారు. స్తంభాలూ అవే, తీగలూ అవే, గాలి వీస్తే పోవడమూ అదే.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆ సంస్థ చరిత్ర మొత్తం నా చేత్తోనే టైపు చేశాను. నా పేరు కౌముది. తెనాలిలో వాగ్దేవి ప్రెస్సులో డీటీపీ ఆపరేటర్ని. మా అమ్మ అనంతలక్ష్మి అదే ప్రెస్సులో వెనక గదిలో బైండింగు పని చేస్తుంది. అచ్చయిన ఫారాలు, అంటే పేజీలన్నీ కలిసి ఉన్న పెద్ద కాగితాలు, మడవడం, కుట్టడం, అట్టలు అతికించడం. వేమూరు గుడిలో అర్చకుడిగా ఉన్న నాన్న చనిపోయాక, ప్రెస్సు ఓనరు సాంబశివరావుగారు అమ్మని పిలిచి ఆ పని ఇచ్చారు. నేను ఆయన్ని బాబాయిగారంటాను. అమ్మ అన్నయ్యగారంటుంది. చుట్టరికం ఏమీ లేదు.

సంస్థకి డెబ్బై ఐదేళ్ళు నిండుతున్నాయని, బాపట్లలో పెద్ద సభ పెట్టి తమ చరిత్రని పుస్తకంగా విడుదల చేస్తామని పని మాకిచ్చారు. రాసింది జయకృష్ణగారు, అక్కడే చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మంచి మనిషి, ఆ మాట ముందే చెప్పాలి. గుండ్రటి దస్తూరీతో రాసిన కాగితాలు తనే తెచ్చి, నా పక్కన కుర్చీ వేసుకుని, అమ్మ ఇచ్చిన కాఫీ మెచ్చుకుంటూ తాగేవారు. రాత కూడా ప్రేమగా ఉంటుంది. మొదటి ట్రాన్స్‌ఫార్మరుని రేపల్లె రైలు స్టేషన్లో దింపి, అక్కణ్ణుంచి బురద దారిలో బండి మీద లాక్కుపోయారట. ఆ బండికి కట్టిన ఎద్దుల పేర్లు మైలగాడు, బసవడు అని రాశారు. అది టైపు చేసేటప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు తుఫాను అధ్యాయం దాకానే.

మూడేళ్ళ కిందటి తుఫాను గురించి ఆ అధ్యాయం. స్తంభాలు ఎన్ని కూలాయో, ఎంత తొందరగా నిలబెట్టారో, ఏ మంత్రి మెచ్చుకున్నారో అంతా ఉంది. చివరి వాక్యం ఇది: 'ఇంతటి మహా యజ్ఞంలో సంస్థ సిబ్బందిలో ఒక్కరి ప్రాణానికీ ముప్పు వాటిల్లకపోవడం మన పని విధానానికి నిదర్శనం.'

నా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. మా తమ్ముడు రవిశంకర్ పోయింది ఆ యజ్ఞంలోనే.

వాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి రేపల్లె సెక్షన్లో చేరాడు. కాంట్రాక్టు మీద. కాంట్రాక్టు అన్న మాట మేం ఇంట్లో ఎత్తేవాళ్ళం కాదు, అమ్మ 'మా వాడు కరెంటాఫీసులో ఉద్యోగం' అని వీధంతా చెప్పుకునేది. వాడూ కాదనేవాడు కాదు. కంపెనీ బొమ్మ ఉన్న టోపీ ఎవరో పాతది ఇస్తే అది ఉతికి ఆరేసుకుని మరీ పెట్టుకునేవాడు. వెర్రి వెధవ.

స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి. ఈ లైను ఆపేశాం, ఇక ఎక్కొచ్చు అని వాళ్ళిచ్చే మాట అది. ఎవరు తీసుకున్నారో వాళ్ళే పని అయ్యాక తిరిగి ఇవ్వాలి. అందాకా అక్కడ స్విచ్చు ఎవరూ ముట్టుకోకూడదు. ఎంత మంచి పద్ధతో చూడండి. కానీ కాంట్రాక్టు వాళ్ళకి తమ పేరు మీద లైన్ క్లియర్ తీసుకునే హక్కు లేదు. పర్మనెంటు లైన్‌మన్ తన పేరున తీసుకుంటాడు, వీళ్ళు ఎక్కుతారు. అందరికీ తెలిసిన ఏర్పాటే, ఎక్కడా రాసి లేని ఏర్పాటు.

ఆ రోజు నిజాంపట్నం దగ్గర లైన్ క్లియర్ తీసుకున్నది లైన్‌మన్ వెంకటప్పయ్య. యాభై దాటిన మనిషి, తుఫాను మొదలైన దగ్గర్నుంచి కన్ను మూయలేదు. హార్బరు దగ్గర ఒక స్తంభం తను చూసుకుంటూ, ఊరవతల ఇంకో స్తంభం మీదికి మా వాణ్ణి పంపాడు. హార్బర్లో ఐసు లేక చేపలు కుళ్ళిపోతున్నాయని జనం మీద పడి అరుస్తున్నారు. తన పని కాగానే వెంకటప్పయ్య ఫోన్ చేసి లైన్ క్లియర్ తిరిగి ఇచ్చేశాడు. తన పేరున తీసుకున్నది తన పని అయిపోగానే ఇచ్చేశాడు. సబ్‌స్టేషన్లో స్విచ్చు వేసేశారు. ఆ తీగ చివర మా వాడు ఉన్నాడన్న సంగతి ఆ నిద్రమొహానికి గుర్తు రాలేదు.

దినకర్మల వేళ వచ్చి, గుమ్మం బయటే కూలబడి, ఇదంతా ఆయనే చెప్పాడు. 'నన్ను కొట్టండమ్మా' అన్నాడు అమ్మతో. అమ్మ మంచినీళ్ళిచ్చింది. విచారణలో మాత్రం ఆయన నోరు పెగల్లేదు. లైన్ క్లియర్ తీసుకున్న మనిషి క్షేమంగా తిరిగొచ్చాడు కాబట్టి స్తంభం మీద సంస్థ మనిషి ఎవరూ లేనట్టే అన్నారు. నేను ఎక్కమని చెప్పలేదన్నాడు కాంట్రాక్టరు. మరి మా తమ్ముడు ఎవరి మనిషి? సరదాకి ఎక్కాడా స్తంభం?

జయకృష్ణగారు మళ్ళీ వచ్చినప్పుడు అడిగేశాను.

"సార్, తుఫాను అధ్యాయంలో మా తమ్ముడి పేరు ఒక్క వాక్యంలో వెయ్యండి. రవిశంకర్. నిజాంపట్నం దగ్గర స్తంభం మీద పోయాడు."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "ఆ అబ్బాయి మీ తమ్ముడా? అయ్యో. కానీ అమ్మాయ్, అతను కాంట్రాక్టరు మనిషి కదా. ఇది సంస్థ చరిత్ర."

"ఎక్కింది సంస్థ స్తంభమే కదండీ."

"నువ్వన్నది నిజమేనమ్మా. నేను రాసినా పైవాళ్ళు ఉంచరు. సిబ్బంది అన్నామనుకో, ఒప్పుకున్నట్టు అవుతుంది."

"ఎద్దుల పేర్లు ఉంచారు కదండీ!"

ఆయన కోపం తెచ్చుకోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అవి కేసు వెయ్యవు కదమ్మా" అన్నారు.

కోర్టు మెట్లెక్కే ఓపిక మాకు ఏ రోజూ లేదు. మాకు కావలసింది ఒక్క వాక్యం. వాడు అక్కడ పని చేశాడని, ఆ పనిలోనే పోయాడని అచ్చులో ఒక్క వాక్యం. టోపీ ఉతుక్కుని పెట్టుకున్నవాడికి ఆ మాత్రం దక్కకూడదా?

ఆఖరి ప్రూఫు మీద సంతకాలయ్యాయి. ఇక నా నుంచి ఫైలు అచ్చు ప్లేట్లకి వెళ్ళాలి. ఆ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, కంప్యూటరు మళ్ళీ ఆన్ చేశాను, ఆ పేజీ తెరిచాను. నిదర్శనం అన్న వాక్యం మొత్తం తీసేసి దాని చోట ఇలా టైపు చేశాను: 'ఈ పనుల్లో నిజాంపట్నం వద్ద స్తంభంపై విధి నిర్వహణలో ఉండగా రేపల్లె సెక్షన్ సిబ్బంది చెరుకుపల్లి రవిశంకర్ మరణించారు.' సరిగ్గా అంతే జాగాలో సరిపోయింది. తప్పు చేస్తున్నానని అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

అమ్మకి చెప్పలేదు. ఫారాలు మడుస్తూ తనే చూసుకుంది. వెనక గదిలోంచి చప్పుడు ఆగిపోతే వెళ్ళి చూశాను. కాగితం ఒళ్ళో పెట్టుకుని, ఆ వాక్యం కింద వేలు పెట్టి, బడిపిల్లలా కూడబలుక్కుంటోంది. అమ్మ ధారాళంగా చదవగలదు.

"వేశారే! వాళ్ళే వేశారే! సిబ్బంది అని కూడా వేశారు" అంది.

అవునన్నాను. ఏం అనమంటారు? మూడేళ్ళుగా ఆ మొహంలో అలాంటి వెలుగు నేను చూడలేదు. కుట్టడం పూర్తి కాగానే బాబాయిగారిని అడిగి ఒక పుస్తకం ఇంటికి తెచ్చుకుంది. దేవుడి అరలో నాన్న పంచాంగాల పక్కన పెట్టి, అట్టకి కుంకుమ బొట్టు పెట్టింది. వీధిలో అందరినీ పిలిచి చూపించింది. జయకృష్ణగారి పేరు చెప్పి దణ్ణం పెట్టుకుంది కూడా.

సభకి ఇంకా వారం ఉందనగా, ముందుగా పంపిన పుస్తకం ఎవరో చదివినట్టున్నారు, బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. తర్వాత మనిషే వచ్చాడు, సంస్థ లా ఆఫీసరు. కుర్రవాడే, గొంతు పెంచలేదు. ఆ వాక్యం పుస్తకంలో ఉండటానికి వీల్లేదని, మళ్ళీ అచ్చు వేసే టైము లేదు కాబట్టి ప్రతి పుస్తకంలోనూ దాని మీద చీటీ అతికించి ఇవ్వాలని, ఒక్కటి బయట మిగిలినా వాగ్దేవి ప్రెస్సుకి సంస్థ పని ఇక ఉండదని చెప్పి వెళ్ళాడు. పేజీ చింపడం కుదరదు, దాని వెనక మంత్రిగారి ఫొటో ఉంది.

బాబాయిగారి ఎదురుగా నిలబడ్డాను. "నేనే వేశానండి" అన్నాను.

"తెలుసమ్మా. ప్లేటు మీదే చూశాను."

"చూసి ఊరుకున్నారా?"

"మీ అమ్మ చూస్తుంది కదా అనుకున్నాను. వాళ్ళెవరూ చదవరులే అనుకున్నాను. ఎవడమ్మా కంపెనీల చరిత్ర చదివేది?" అని మొహం పక్కకి తిప్పుకున్నారు. ఈ రోజుల్లో పెళ్ళి శుభలేఖలు కూడా ఫోన్లలోనే పంపుకుంటున్నారు. ఆ సంస్థ పని పోతే మర్నాడే ప్రెస్సుకి తాళం. ఆ మాట ఆయన అనలేదు, నాకు తెలుసు. "మీరిద్దరూ ఈ రెండ్రోజులూ రాకండి. బయటి ఆడవాళ్ళని పెట్టి అతికిస్తాను" అన్నారు.

అమ్మ ఎప్పుడు వచ్చిందో మా వెనకే నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. నా వైపు చూసింది. 'నువ్వా వేసింది' అని అడగలేదు. ఆ వెలుగు మాత్రం ఆరిపోయింది. అది వాళ్ళు వేసింది కాదని, వాడి అక్కనైన నేనే దొంగతనంగా ఇరికించానని తెలిసింది కదా, ఇంకేం మిగులుతుంది? చీటీ పడటం కన్నా ముందే నేను దాన్ని చెడగొట్టినట్టనిపించి ఏడుపొచ్చింది.

"వద్దన్నయ్యగారూ. మేమే అతికిస్తాం. వాడి మీద ఇంకొకళ్ళ చేతులు ఎందుకండీ" అంది అమ్మ.

చీటీ మీది వాక్యం టైపు చెయ్యాల్సింది కూడా నేనే. 'సంస్థ సిబ్బందిలో ఒక్కరి ప్రాణానికీ ముప్పు వాటిల్లకపోవడం మన పని విధానానికి నిదర్శనం.' అదే అక్షరం, అదే సైజు, పుస్తకం కాగితంతో కలిసిపోయే రంగు. పని పనే కదా, కొలత తప్పలేదు.

అమ్మ మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసి జిగురు కలిపింది. నేను పేజీ తెరిచి అందిస్తే, తను చీటీ వేసి బొటనవేలితో ఒక మూల నుంచి ఇంకో మూలకి నొక్కేది. గాలి బుడగ మిగిలితే మళ్ళీ నొక్కేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా తమ్ముడి పేరు మళ్ళీ మళ్ళీ వచ్చింది, అన్నిసార్లూ పోయింది. మొదట్లో ప్రతి పేజీలోనూ ఆ పేరు చదివాను. తర్వాత చదవలేకపోయాను. మధ్యలో ఎక్కడో అమ్మ, "ఎద్దుల పేర్లు ఏ పేజీలో ఉన్నాయే?" అని అడిగింది. చెప్పాను. "వాటి మీద ఏం అతికించమన్లేదుగా?" అంది. లేదన్నాను. తల ఊపి ఇంకో చీటీ తీసుకుంది.

రెండోరోజు మధ్యాహ్నానికి కట్టలు కట్టేశాం. అప్పుడు అమ్మ తన సంచిలోంచి ఇంటి పుస్తకం తీసింది, అట్ట మీద కుంకుమ బొట్టుతో.

"అదొద్దమ్మా. అది ఇంట్లో ఉంటే ఎవడు చూడొచ్చాడు?" అన్నాను.

"అన్నయ్యగారు ఒక్కటీ మిగలదని వాళ్ళకి మాటిచ్చారే. మాట పోతే ప్రాణాలు పోతాయని మనకి తెలీదా" అని పేజీ తనే తెరిచింది. కాసేపు చూసింది. చీటీ వేసి, మిగతావాటికన్నా నెమ్మదిగా, నాలుగు మూలలా నొక్కింది. తర్వాత పుస్తకం నా చేతికిచ్చి, చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళింది.

నేను ఆ పేజీని కిటికీలోంచి వచ్చే ఎండకి ఎత్తిపట్టి చూశాను. కింద ఒక్క అక్షరమైనా, కనీసం ర అయినా కనిపిస్తుందేమోనని ఇటూ అటూ తిప్పి చూశాను. ఏమీ కనిపించలేదు. సంస్థ వాళ్ళు మంచి మందం కాగితం ఎంచుకున్నారు, అమ్మ శుభ్రంగా అతికించింది.