ఇంజను చెవి కింద వాషరు

నేనొక చెవిని. మోటారు బండి ఇంజనుకి బోల్టుతో బిగించిన చెవిని. పుస్తకాల్లో నా పేరు నాక్ సెన్సార్. మధ్యలో బెజ్జం ఉన్న చిన్న గారె ఎంత ఉంటుందో అంత ఉంటాను. కడుపులో ఒక బిళ్ళ ఉంది. ఇంజను అదిరితే అదీ అదురుతుంది, అదిరిన కొద్దీ తీగలోకి కాస్త కరెంటు వదులుతుంది. నాకొచ్చిన విద్య అదొక్కటే.

నన్ను తయారుచేసిన చోట బల్ల మీద పెట్టి వేలసార్లు కొట్టించారు. ప్రతి దెబ్బకీ సరిగ్గా పలికాకే అట్టపెట్టెలో పడుకోబెట్టారు. పక్కన ఒక కాగితం కూడా పెట్టారు. నా అడుగు నేరుగా ఇంజను ఇనుముకి ఆనాలనీ, మధ్యలో వాషరు, పేస్టు, రంగు ఏవీ పెట్టొద్దనీ అందులో రాసి ఉంది. ఆ కాగితం చదివిన మహానుభావుణ్ణి నేనింతవరకూ చూడలేదు. మనుషులు పెట్టె విప్పగానే ముందు ఆ కాగితంతోనే చేతులు తుడుచుకుంటారు.

నేను చేరిన బండి గౌరునాయుడిది. ఎస్.కోటలో ఎనిమిది మంది టీచర్లని ఎక్కించుకుని, అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కి, కొండ మీది బడుల దగ్గర దించి, సాయంత్రం మళ్ళీ తెచ్చే వ్యాను. అతని ఇల్లు గడిచేది ఆ ఒక్క ట్రిప్పు మీదే. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్కోసారి పెట్రోలు అదను రాకముందే అంటుకుంటుంది. అప్పుడు ఇంజను లోపల టకటకమని దెబ్బలు పడతాయి. ఆ దెబ్బ వినగానే నేను తీగ చివరున్న కంప్యూటరుకి చెబుతాను, అది నిప్పురవ్వని రవ్వంత ఆలస్యం చేస్తుంది, దెబ్బలు ఆగుతాయి. ఆరేళ్ళు ఇలా కాపలా కాశాను. నేనొకదాన్ని ఉన్నానని కూడా గౌరునాయుడికి తెలీదు. అందుకు నాకేం చింత లేదు, చెవి బాగున్నంతకాలం చెవిని ఎవరు తలుచుకుంటారు?

అతను నమ్మింది మెకానిక్ సింహాద్రిని. పన్నెండేళ్ళ స్నేహం. ఆ మాటకొస్తే నేనూ నమ్మాను. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకీ, పిడి తన చెవికీ ఆనించి, కళ్ళు మూసుకుని రోగం చెప్పేవాడు. మనవాడే, వినడం తెలిసినవాడు అని మురిసిపోయాను. అతనికి గురువు నేర్పిన నియమం ఒకటుంది. “వాషరు నేకుండా బోల్టు బిగించినోడు మెకానిక్కే కాడు” అనేవాడు షెడ్డుకొచ్చిన ప్రతివాడితోనూ.

ఆ ఎండాకాలం నా పక్కన ఆయిలు కారుతోందని సింహాద్రి నన్ను ఊడదీశాడు. గుడ్డతో తుడిచాడు, ఊదాడు. తిరిగి బిగించేటప్పుడు నా కింద ఒక స్ప్రింగు వాషరు వేసి, దాని చుట్టూ ఎర్ర పేస్టు పూశాడు. తల మీద దుప్పటి కప్పి కబుర్లు వినమన్నట్టయింది నా పని. అయినా అంత శ్రద్ధగా బిగించినవాణ్ణి ఏమనగలను?

మూడో రోజుకే మీటరు బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. నా గొంతు సన్నబడిందని కంప్యూటరుకి అనుమానమొచ్చి, ఎందుకైనా మంచిదని నిప్పుని బాగా వెనక్కి లాగేసింది. దాంతో ఇంజను భద్రంగానే ఉంది గానీ, బండికి ఊపు పోయింది. గౌరునాయుడు షెడ్డుకి పరిగెత్తాడు.

“అన్నా, లైటు ఆరనేదు. ఘాటీలో బండి ఎక్కనంతంది. బడికి ఆలీసమైపోతంది, ఇలాగైతే ఏరే జీపు మాటాడుకుంతామని టీచర్లంతన్నారు. నా బతుకు నీ సేతిలో ఉంది.”

“నానుండగా నీకెందుకు బయం” అన్నాడు సింహాద్రి.

స్కానరు తగిలించాడు. నాక్ సెన్సార్ సిగ్నల్ తక్కువ అని చూపించింది. తీగ పొడవునా వేలు పెట్టి చూశాడు, ఎలుక కొరికిన గుర్తు లేదు. మీటరు పెట్టాడు, నా లెక్క సరిగ్గానే ఉంది. నా పక్కనే ఇంజను మీద పానాతో కొట్టాడు. ఒళ్ళంతా చెవి చేసుకుని విన్నాను, వాషరు దాటి వచ్చేసరికి ఆ దెబ్బ సగం చచ్చింది. ఇక మిగిలింది ఒక్కటే, నన్ను విప్పి కింద చూడటం.

“నా సేత్తో బిగించిందే కదా, దాని కిందేటుంతాది” అన్నాడు.

విప్పలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నా తీగ తుంచి, పెసరగింజంత రెసిస్టరు ఒకటి కంప్యూటరు వైపు చివర అతికించాడు. అంతా క్షేమం అని కంప్యూటరుకి అబద్ధం చెప్పడం దాని ఉద్యోగం. లైటు ఆరింది. బండికి ఊపొచ్చింది. గౌరునాయుడు సింహాద్రి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

పన్నెండో రోజు పొద్దున్న, టీచర్లందరితో ఘాటీ ఎక్కుతుండగా టకటక మొదలైంది. అరిచాను. తెగిన తీగలోంచి ఎవరికి వినిపిస్తుంది? రెసిస్టరు మాట నమ్మి కంప్యూటరు నిప్పుని ఇంకా ముందుకి తోసింది. గౌరునాయుడు పాపం రేడియో కట్టేసి చెవొగ్గాడు గానీ, అప్పటికే మూడో పిస్టను పగిలింది. పొగలోంచి టీచర్లు దిగి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి వేరే జీపు ఎక్కారు.

షెడ్డులో సింహాద్రి ఇంజను విప్పాడు. చివరికి నన్నూ విప్పాడు. వాషరు చూశాడు. దాన్ని బోల్టులోంచి తీసి పక్కన పెట్టాడు. తర్వాత నన్ను బల్లకున్న ఇనప పట్టకారులో బిగించి, మీటరు తగిలించి, పానాతో టక్కున కొట్టాడు. ముల్లు ఎగిరింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ ఎగిరింది. నాకెంత సంతోషమనుకున్నారు! ఇన్నాళ్ళకి మనవాడు మన మాట విన్నాడు, ఇక న్యాయం జరుగుతుంది అనుకున్నాను. అంతలో గౌరునాయుడు వచ్చాడు.

“ఏటైనాదన్నా?”

సింహాద్రి వాషరుని జేబులో వేసుకున్నాడు. “సెన్సారు సచ్చిపోనాది నాయుడూ. నాసిరకం సరుకు. ముందే తెలిస్తే మార్సీవోణ్ణి.”

దుప్పటి కప్పావు, పోనీలే తెలీక అనుకున్నాను. తీగ కోశావు, అదీ తెలీకే అనుకున్నాను. కానీ ఇప్పుడు నీకు తెలుసు కదయ్యా! నేను బతికే ఉన్నానని లోకంలో ఒక్క నీకే తెలుసు, నువ్వే నన్ను చచ్చిందన్నావు. ఇనుముకి కన్నీళ్ళు రావు కాబట్టి ఊరుకున్నాను.

గౌరునాయుడు బండిని తుక్కు కింద అమ్మేసి, పరాయి లారీకి డ్రైవరుగా కుదిరాడు. వెళ్ళే ముందు నన్ను రుమాలులో కట్టుకుని వ్యాన్ల స్టాండుకి తెచ్చి, టీ బల్ల మీద పెట్టాడు.

“ఇదే నా బండిని తినేసింది. సూసుకోండి నాయనా, ఇలాటి సరుకు నమ్మకండి. ఇంజను పనంతే మాత్రం మన సింహాద్రన్న దగ్గిరికే ఎల్లండి. దీన్ని పట్టింది అన్నే.”

డ్రైవర్లు ఒకరి చేతిలోంచి ఒకరు నన్ను తీసుకుని తిప్పి చూసి, తిట్టి, పెట్టేశారు. ఆ బల్ల కొసనే కూర్చున్న సింహాద్రి తలెత్తలేదు. టీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళిన వైపే చూస్తూ గౌరునాయుడు అన్నాడు: “నా బండి పోనాదని నాకన్నా అన్నే ఎక్కువ బాద పడతన్నాడు, పాపం.”